ఆరు మగ్గుల నీళ్లు

2023 మే. కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక ఇంటి పెరట్లోని మేపుల్ మొక్కను చూడమని ఓనరు పిలిచాడు. నేను ఆర్బరిస్టును. చెట్లను బతికించడం, బతకనివాటిని కొట్టేయడం రెండూ నా పనే. మొక్క చచ్చిపోయిందని రాసిస్తే పీకించేస్తానన్నాడు ఓనరు.

బేస్‌మెంట్‌లో ఆరుగురు తెలుగు విద్యార్థినులు అద్దెకుండేవారు. అంతకుముందు ఏడాది చలికాలంలో వాళ్ల రూమ్మేట్ శిరీష రోడ్డు ప్రమాదంలో పోయింది. 2022 వసంతంలో మంచు కరిగాక ఆమె పేరున నాటిన మొక్క ఇది. ఆ సంగతి వాళ్లలో శ్రవంతి అనే అమ్మాయి చెప్పింది.

"చచ్చిపోయిందా అంకుల్?"

"ఉండమ్మా, చూడనీ."

వీధిలో చెట్లన్నీ చిగిర్చాయి. ఇది మోడులా ఉంది. పై కొమ్మల్లో రెండు మొగ్గలు కోసి చూశాను. బతికిన మొగ్గ లోపల పచ్చగా ఉంటుంది. ఇవి గోధుమరంగుకు తిరిగాయి. వసంతంలో విచ్చుకునే మొగ్గలు కిందటి వేసవిలోనే తయారవుతాయి. ఆ వేసవిలో వానల్లేవు. నీరు చాలకపోతే కొమ్మలోని సన్నటి నీటి దారుల్లో గాలి చేరి ధార తెగుతుంది. చివరి మొగ్గలు ముందు ఎండుతాయి.

"నిరుడు నీళ్లు పోశారా?"

"రోజూ. షిఫ్ట్ నుంచి వచ్చినోళ్లు వచ్చినట్టు తలా ఒక మగ్గు. స్వాతికి జ్వరమొస్తే దాని మగ్గు కూడా నేనే పోసిన. శిరీష ఉన్నప్పుడు కూడా దానికి ఇంత సేవ చెయ్యలే."

మొదలు దగ్గర కొంచెం తవ్వాను. బతికిన వేళ్లన్నీ పైన రెండంగుళాల్లోనే ఉన్నాయి. కిందివి ఎండిపోయాయి.

"ఇలా పోస్తే పైమట్టే తడుస్తుందమ్మా. వారానికోసారి, లోతుగా ఇంకేలా మెల్లగా పోయాలి. మగ్గులు పోసే ఎండబెట్టారు."

"మేమేనా?" అని శ్రవంతి లోపలికి వెళ్లిపోయింది.

కాండం అడుగుభాగం ఆ తర్వాతే చూశాను. నేలకు మూరెడు ఎత్తులో మూడు మొగ్గలున్నాయి. ఒకటి కోశాను. పచ్చగా ఉంది. మిగతా రెండిటికీ పైనున్న కాండం కోసేసి, 'ఉంచండి' అని ఓనరుకు రాసిచ్చాను. శ్రవంతిని పిలిస్తే రాలేదు. స్వాతి వచ్చి, నీళ్లెలా పోయాలో రాసుకుంది.

జూన్‌లో వెళ్లేసరికి ఆ రెండూ చిగిర్చాయి.

"బతికింది కదమ్మా," అన్నాను.

"పైనదంతా మేమే చంపినం కదా అంకుల్," అంది శ్రవంతి.

నేను చెప్పింది నిజమే. వరుస తప్పింది. నా భార్య పోయినప్పుడు ఏం చేసి ఉండాల్సిందో చెప్పినవాళ్లకు కొదవలేదు. వాళ్లు చెప్పిందీ నిజమే కావచ్చు. ఇప్పుడు ఏ చెట్టునైనా మొదలు నుంచి పైకి చూస్తాను. ఏది బతికుందో చూపించాకే, ఏం తప్పు జరిగిందో చెబుతాను.