బొటనవేలి గుంట

కరీంనగర్ ల్యాబులో మా సార్ పత్తిగింజల నూనెతో పాలియాల్ అనే కొత్త రసాయనం చేసి, వేడికి మెత్తబడని గట్టి ఫోమ్ తేవాలని ఏళ్లుగా తంటాలుపడ్డారు. ఆదిలాబాద్ రేకుల ఇళ్లలో ఎండ వేడి దిగకుండా కప్పు కింద దాన్ని అతికించాలని ఆయన ఆశ.

గట్టిదనం కొలిచే మిషన్ పక్కనే ఉన్నా, ఓవెన్‌లోంచి తీసిన ప్రతి ఫోమ్ దిమ్మెనూ చల్లారకముందే బొటనవేలితో ఒత్తి చూసేవారు. ప్రతిసారీ వేలు దిగబడేది. కాలి కాలి ఆ వేలిముద్ర చెరిగిపోయి, హాజరు మిషన్ కూడా ఆయన్ని గుర్తుపట్టడం మానేసింది.

ప్రాజెక్టు ఆఖరి రోజున దిమ్మెను నా ముందుకు జరిపారు.

"నువ్వు ఒత్తు బిడ్డా. నా ఏలుకు ఏం తెలుస్తలేదు."

ఒత్తాను. మెత్తగా దిగింది.

"గట్టిగనే ఉంది సార్" అన్నాను.

నా వేలు చేసిన గుంటను ఆయన చాలాసేపు చూశారు. తర్వాత అందులో తన వేలు పెట్టి, "అవును, గట్టిగనే ఉన్నది" అన్నారు.