రెప్ప పడని ఫొటో కోసం ఒక లెన్సు

బాన్సువాడ బస్టాండు ఎదురుగా, మేడ మీద, నాకో ఫొటో స్టూడియో ఉండేది. పిట్లం నుంచి బీర్కూర్ దాకా నేను తియ్యని పెళ్లి లేదని చెప్పుకు తిరిగేవాణ్ని, కొంచెం ఎక్కువ చేసే. అంతటి ఫొటోగ్రాఫర్ ఇంట్లో గోడ మీద పెళ్లాం ఫొటో లేదు. తియ్యక కాదు. తీసిన ప్రతిదాంట్లో ఆమె కండ్లు మూసుకుని ఉండేది.

ఆమె నా మేనమామ బిడ్డ. మా పెళ్లికి ఫొటోలు తీసింది నాకు పని నేర్పిన ఉస్తాదే. ఆ ఆల్బంలో తలంబ్రాలప్పుడు కండ్లు మూసుకుంది, అప్పగింతలప్పుడు మూసుకుంది, చివరికి అరుంధతి నక్షత్రాన్ని కూడా కండ్లు మూసుకునే చూసింది. ఆ తర్వాత పన్నెండేళ్లు నేను తీసినవీ అంతే.

ఒక రోజు ఇల్లు దులుపుతూ, గోడ మీద ఉన్న మా చుట్టాల ఫొటోలన్నీ తుడిచి, నవ్వుకుంటూ అంది.

"బావా, పోయినంక ఎట్లాగూ కండ్లు మూసుకునే ఉంట. బతికున్నప్పుడు తెరిచింది ఒక్కటన్న తియ్యరాదు?"

నేనూ నవ్వాను. కానీ ఆ మాట గుచ్చుకుంది. ఊళ్లో ఆడవాళ్లందరినీ అందంగా తీసిపెట్టి, సొంత పెళ్లాన్ని మాత్రం ప్రతిసారీ నిద్రపుచ్చుతున్నానని నామోషీ అనిపించింది. బాగా ఆలోచించి, తప్పంతా ఫ్లాషుదేనని తేల్చాను. ఫ్లాషు లేకుండా, తనకు తెలియకుండా, దూరం నుంచి తియ్యాలి. డిజిటల్ కెమెరా అప్పటికి ఏడాది కిందటే కొన్నాను. దానికి దూరపు లెన్సొకటి, నా తాహతులో దొరికేది, కావాలి.

హైదరాబాదు పోయి కోఠిలో ఒక దుకాణం పట్టుకున్నాను. సేటు నా ముందు మూడు లెన్సులు పెట్టాడు. మొదటిది తెల్లగా, మోచెయ్యంత పొడుగుంది. చేతిలోకి తీసుకుని, ధర అడిగితే ఉన్న మర్యాద పోతుందని అడక్కుండానే కింద పెట్టాను. రెండోది రీళ్ల కాలం నాటి పాతది, ధర చాలా సస్తా. వెలుతురుకు పట్టి చూస్తే లోపలి అద్దం మీద సన్నటి బూజు. అది ఫొటోలో కనపడదని సేటు అన్నాడు. నిజమే కావచ్చు, కానీ నాకు కనపడింది కదా.

మూడోది నా కెమెరా కంపెనీది కాదు, వేరే కంపెనీ సరుకు. ఒళ్లంతా ప్లాస్టిక్, తిప్పితే గరగరమంటూ ముందుకు సాగుతుంది. దాంతో రోడ్డవతలి చాయ్ హోటల్ వైపు చూస్తే, గల్లా మీద కూర్చున్నాయన మీసానికి అంటుకున్న సమోసా తునక కూడా కనపడింది. ఇది వెలుతురు తక్కువ తీసుకుంటుందనీ, పెళ్లి మండపాల్లో దండగనీ, ఎర్రటి ఎండలో అయితే బాగా వస్తుందనీ సేటు నిజాయితీగా చెప్పాడు. మా బాన్సువాడలో ఎండకేం కరువు అనుకుని అదే తీసుకున్నాను. ఇంట్లో మాత్రం పెళ్లిళ్ల కోసమే కొన్నానని చెప్పాను.

సంత రోజు మధ్యాహ్నం స్టూడియో డాబా ఎక్కి కూర్చున్నాను. బస్టాండు పక్కన ఆమె చేతిలో సంచితో కనపడింది. ఎవరితోనో మాట్లాడుతోంది. లెన్సు పూర్తిగా సాగదీసి చూశాను. ఎంత పెద్ద కండ్లో. రోజూ ఇంట్లో చూసే కండ్లే అయినా కెమెరాలో వాటిని చూడటం అదే మొదలు. వేలు మీట మీద పెట్టాను.

అప్పుడు నా నోట్లోంచి "రెడీ" అని వచ్చింది, గట్టిగా.

మా ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం అది. రీలు వృథా కాకుండా, నొక్కే ముందు ప్రతిసారీ "రెడీ" అనాలి. వేల సార్లు అన్న నోరు, డాబా మీద ఉన్నానని చూస్తుందా? కింద బస్సులో కూర్చున్నవాళ్లంతా తలలు బయటపెట్టారు. అరటిపండ్లమ్మే అన్న కాలరు సరిచేసుకుని నిటారుగా నిలబడ్డాడు. మా ఆవిడ మాత్రం ఎప్పటిలాగే కండ్లు మూసుకుంది. అంత దూరంలో ఫ్లాషూ లేదు, నేనూ కనపడలేదు. పన్నెండేళ్లుగా ఆ రెప్పలు వాలుతున్నది నా మాటకేనని అప్పుడు అర్థమైంది.

తర్వాతి సంతకు దస్తీ నోట్లో కుక్కుకుని డాబా ఎక్కాను. పక్క డాబా మీద మిరపకాయలు ఎండబెడుతున్న అక్క పంటినొప్పా అని అడిగితే తలూపాను. కింద సంతలో మా ఆవిడ, చిక్కుడుకాయలు కుప్పపోసిన ఒక అవ్వతో బేరం ఆడుతోంది. కండ్లు ఇంతింత చేసుకుని ఆడుతోంది. నొక్కాను.

సాయంత్రం పెద్దగా ప్రింటు వేసి తెచ్చి చేతిలో పెట్టాను. చాలాసేపు చూసి, "దీనికి రెడీ అనలే గదా," అంది.

తెలిసి కూడా ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు ఎప్పుడడిగినవు? రెడీ అని నువ్వు ఆ కెమెరా డబ్బ ఎనక దాక్కుంటవు. ఇగ ఎటు చూడాల్నో తెల్వక సిగ్గయితది."

ఊళ్లో ప్రతి పెళ్లికూతురికీ ఎటు చూడాలో చెప్పినవాణ్ని, ఈమెకు ఒక్కసారీ చెప్పలేదు. సిగ్గుపడటం నా వంతయింది. ఇప్పుడు దగ్గరి నుంచి తియ్యమంది, ఏమీ అనకుండా. మామూలు లెన్సు బిగించి, కెమెరాను ముఖానికి పెట్టుకోకుండా ఛాతీ దగ్గర పట్టుకుని, ఆమెనే చూస్తూ నొక్కాను.

బొమ్మ కదిలింది. తల పైభాగం తెగింది. గిరాకీకి వచ్చినవాళ్లెవరికైనా ఇచ్చి ఉంటే మొహాన కొట్టేవాళ్లు. కండ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఇదే ఫ్రేము కట్టించి గోడకు పెట్టమని పట్టుబట్టింది. దూరపు లెన్సుతో తీసినదాంట్లో రెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు, అది పెట్టుకుందామని బతిమాలాను.

"దాంట్ల చిక్కుడుకాయల దిక్కు చూస్తున్న బావా," అంది. "దీంట్ల నీ దిక్కు చూస్తున్న."