గోడ అవతలి సొరకాయ

మా పక్కింటావిడంటే నాకు పడదు. ప్రతి ఆదివారం మా చర్చి గుడిలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పాటల పుస్తకంలోకి చూసి పాడతాం. అయినా పడదు.

ఈ దీవిలో, డిగ్నాబాద్‌ పేటలో మా రెండిళ్ల పెరళ్లకూ నడుం దాకా కూడా రాని గోడ ఒక్కటే అడ్డం. వానలు ఆగిపోయి ఎండలు ముదిరితే కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది, అదీ కాసేపే. చుట్టూ సముద్రం, బిందెలో చుక్క ఉండదు. ఆవిడ పైపుకు మోటరు తగిలించి లైనులో ఉన్నదంతా లాగేస్తుంది. అది గుర్రుమనడం మొదలైతే చాలు, మా కుళాయి ధార సన్నబడి ఆగిపోతుంది. వాళ్ల టాంకీ నిండి, పొర్లి, గోడ పక్క నేలంతా చిత్తడి చేస్తుంది. ఇవతల నా మొక్కలు నిలువునా మాడుతుంటాయి. ఒకసారి అడిగితే, "అందరూ పెట్టుకున్నారు, మీరూ పెట్టించుకోండి" అనేసి తలుపు వేసుకుంది.

ఈ వేసవిలో వంగ పోయింది, టమాటా పోయింది, బెండ పోయింది. మిగిలింది ఒక్క సొరపాదు. దాని కోసం నేను చేయని పని లేదు. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, చేపలు కడిగిన నీళ్లు అన్నీ దానికే. మొదలు చుట్టూ కొబ్బరి పీచు కప్పాను. ఎండ తగలకుండా పాత చీర అడ్డం కట్టాను. స్నానం నీళ్లు కూడా దానికే పోవాలి కాబట్టి ఇంట్లో సబ్బు మాన్పించాను. జెట్టీలో పనిచేసి చెమటతో వచ్చే మా ఆయన, సబ్బు లేని స్నానమేమిటని గొణిగితే నోరు మూయించాను.

అక్కడితో ఆగితే బాగుండేది. స్త్రీల కూడికలో అందరి ముందూ లేచి, "మొదటి కాయ దేవుడిది, నా చేతులతో తెచ్చి పెడతాను" అన్నాను. మా సంఘంలో అది ఆనవాయితీ. తొలి కాపు గుడికి ఇస్తాం, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మాడు పగిలే ఎండలో సొరకాయ పండించిన మనిషినని అనిపించుకోవాలని నాకు ఉంది, దాచేదేముంది.

పాదు మాత్రం నా మాట వినలేదు. తడి ఎటుంటే అటు పాకింది. గోడెక్కి, అవతలకు దిగి, అక్కడే పూసి, అక్కడే పిందె వేసింది. రోజూ వంగి చూసుకునేదాన్ని. చూస్తుండగానే మోచేతి పొడుగైంది. ఆదివారం పొద్దున్నే కోద్దామని చాకు పట్టుకుని వెళితే అక్కడ తొడిమ ఉంది, కాయ లేదు.

కాయ గుడిలో ఉంది, బల్ల మీద, తెల్లగుడ్డ పైన. "ఇంత ఎద్దడిలోనూ ఈ సహోదరి కష్టాన్ని ప్రభువు దీవించాడు" అంటూ అయ్యగారు ఆవిడ కోసం ప్రార్థన చేశారు. నేను ఆమెన్ అనలేదు.

బయట చెప్పుల దగ్గర నిలదీశాను.

"దీదీ, అది మా పాదుది. ఎలా కోసేసినారు?"

"మా జాగాలో కాసింది కోసినాను. ఏటి తప్పు?"

"వేరు మా పెరట్లో ఉంది!"

"వేరుంటే అయిపోద్దేటి? పానీ ఎవులిది? మా టాంకీ నీళ్లు తాగి పెరిగింది. నీ బియ్యం కడుగుకే కాసిందనుకున్నావేటి?"

అయ్యగారి భార్య మధ్యలోకి వచ్చి, "ఎవరు తెస్తేనేమ్మా, దేవుడికి చేరింది కదా" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడికి చేరింది సరే, అందరి ముందూ నేను ఇచ్చిన మాట ఏమైనట్టు?

ఇంటికొచ్చి, చీర కూడా మార్చుకోకుండా గోడ దగ్గరికి వెళ్లాను. తీగ మీద ఇంకో పిందె ఉంది. తీగంతా ఇవతలకు లాక్కుని బట్టలారేసే తాడుకు కట్టేస్తే, అదైనా నా వైపు పెరుగుతుంది. గోడ మీద పొట్ట ఆనించి, వంగి లాగాను. రాలేదు. ఆకులు పక్కకు తీసి చూశాను. ఆ చిత్తడి నేలకు ఆనిన ప్రతి కణుపు దగ్గరా వేళ్లు దిగి ఉన్నాయి.

ఆవిడ వంటింటి కిటికీలోంచి చూస్తోంది.

"లాగెయ్యి," అంది. "నీదే కదా."

గట్టిగా లాగితే ఆ వేళ్లు తెగుతాయి. ఒక్క నా నీళ్ల మీద ఆ పిందె నిలవదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తీగను ఎక్కడిదక్కడ, ఆవిడ తడిలోనే మెల్లగా పెట్టి, చేయి వెనక్కి తీసుకున్నాను.