తోటకూరకు ముందే స్తోత్రం

కార్ఖానా రోడ్డు మీది చైనా హోటల్ మూతపడ్డాక ప్రభుదాస్‌కు పగటి నిద్ర అలవాటైంది. ముప్పై అయిదేళ్లపాటు మధ్యాహ్నమంటే మంటా పొగా తప్ప ఎరగని మనిషి. ఇప్పుడు బొల్లారంలో తన చిన్న ఇంటి వరండాలో మడత మంచం మీద వాలి, రైలు కూత దగ్గరై మళ్లీ దూరమయ్యేదాకా వింటూ, దానితోపాటే ఎటో కొట్టుకుపోయేవాడు. కళ్లు మూస్తే చాలు, నల్లటి ఇనుప కడాయి, దాని కింద నీలం మంట, గాల్లోకి లేచి పడే పచ్చటి ఆకులు కనిపించేవి. నిద్రలోనే కుడి మణికట్టు కదిలేది. పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటున్న భార్య ఎలీసబెతు ఆ చెయ్యి చూసి, "పాపం, కల్లో కూడా డ్యూటీయే," అనుకునేది.

హోటల్ యజమాని చెన్ సాబ్ కుటుంబం తాతలనాడెప్పుడో కలకత్తా మీదుగా వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడింది. ఆయన ఉర్దూ ఫోన్లో విన్నవాళ్లెవరూ చైనా మనిషంటే నమ్మేవారు కాదు. ప్రభుదాస్ అక్కడ గిన్నెలు కడగడానికి చేరి, మెల్లమెల్లగా కడాయి దాకా వచ్చాడు. నూడుల్స్ ఎవరైనా చేస్తారు. చెన్ సాబ్ తన సొంత భోజనానికి మాత్రం ఆకుకూర చేయించుకునేవాడు, అదీ ప్రభుదాస్ చేతనే. చైనా ఆకులు ఇక్కడెక్కడ దొరుకుతాయి? మోండా మార్కెట్ తోటకూరే గతి. చితక్కొట్టిన వెల్లుల్లి, ఉప్పు, చిటికెడు పంచదార, రెండు చుక్కల సోయా సాస్. పొగ లేస్తున్న నూనెలో ముందు కాడలు, తర్వాత ఆకులు. నిమిషమున్నరలో అయిపోవాలి. మూత మాట ఎత్తకూడదు. అన్నిటికన్నా గట్టి రూలు ఇంకోటుంది. వెయిటర్ వచ్చి ప్లేటు పట్టుకుని నిలబడితేగాని ఆకు కడాయిలో పడకూడదు. వెయిటర్ రాకముందే ఎవరైనా ఆకు వేశారా, చెన్ సాబ్ ఉర్దూలో తిట్టే తిట్లకి గోడ మీది డ్రాగన్ బొమ్మ కూడా తల దించుకోవాల్సిందే.

ఆ కూర కోసం కంటోన్మెంటులోంచి కర్నల్లు వచ్చేవారు. మొన్న మొన్న కంప్యూటర్ ఆఫీసుల పిల్లలు మెళ్లో ట్యాగులతో వచ్చి, ఇదెలా చేశారంకుల్ అని వంటింట్లోకి తొంగిచూసేవారు. చివరికి ఆ కంప్యూటర్ల గాలే హోటల్‌నీ పడగొట్టింది. పాత భవనం కూలగొట్టి అద్దాల ఆఫీసు కడతారట. చెన్ సాబ్ వెళ్తూ వెళ్తూ కడాయిని ప్రభుదాస్ చేతుల్లో పెట్టి, ఇది నీదేనన్నాడు.

కడాయి ఇంటికొచ్చింది గానీ, పొయ్యెక్కలేదు. దానికో కారణముంది.

పెళ్లయిన రెండో నెలలో, అంటే ముప్పయ్యేళ్ల కిందట, ప్రభుదాస్ కొత్త పెళ్లానికి తన పనితనం చూపిద్దామని ఇంట్లో తోటకూర చేశాడు. మచిలీపట్నం వైపు నుంచి వచ్చిన పిల్ల ఎలీసబెతు. అందరూ తిన్నారు. చివర్న ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పసితనం వదలని వయసు కదా, "ఇది కూరా, కూర కడిగిన నీళ్లా?" అనేసింది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. ప్రభుదాసూ నవ్వాడు. ఆ తర్వాత ఇంట్లో అగ్గిపుల్ల గీయలేదు. ఎలీసబెతు ఆ మాట ఎప్పుడో మర్చిపోయింది. అతను మర్చిపోలేదు. కర్నల్లు మెచ్చుకుంటే ఏం లాభం? ఇంట్లో మనిషి నోట ఒక్కసారి బాగుందన్న మాట వినకుండానే తన పని అయిపోయిందే అని అతని బాధ. మగతలో కనిపించే ఆ పచ్చటి ఆకుల అవతల ఎప్పుడూ ఖాళీ ప్లేటొకటి ఎదురుచూస్తూ ఉండేది.

దీన్ని కదిలించింది కూతురు క్యారల్. హైటెక్ సిటీలో ఉద్యోగం.

"డాడీ, మా క్యాంటీన్ల స్టిర్ ఫ్రై అని ఉడకబెట్టిన గడ్డి పెడుతున్నరు. ఈ శనివారం నువ్వు చెయ్యి డాడీ, ప్లీజ్."

శనివారం చేశాడు. చెయ్యి ఏమీ మర్చిపోలేదు. కూర పళ్లెంలోకి దిగేసరికి ఆకుల మీద మెరుపు అలాగే ఉంది. అప్పుడు ఎలీసబెతు ప్రార్థన మొదలుపెట్టింది. రిటైరైన సండే స్కూల్ టీచరు కదా, ఆమె ప్రార్థన బొల్లారంలో బయల్దేరిందంటే కాజీపేట దాటేదాకా ఆగదు. పాస్టరుగారూ, విధవరాండ్రూ, పక్కింటి రోసమ్మ మోకాలి నొప్పీ, క్యారల్ ఎక్కే ఎం.ఎం.టి.ఎస్. రైలూ, అన్నీ అయ్యాక ఆమెన్. ఆపైన భర్తకు వడ్డించి, కూతురికి వడ్డించి, మారు వడ్డించి, క్యారల్ లొట్టలేస్తూ తిని లేచాక అప్పుడు తన కంచం తెచ్చుకుంది.

ప్రభుదాస్ చెయ్యి కడుక్కుని వస్తూ ఆ కంచం వైపు చూశాడు. ఆకులు చల్లారి, నల్లబడి ముడుచుకున్నాయి. చుట్టూ ఆకుపచ్చని నీళ్లు. ఆమె ఆ నీళ్లలోనే అన్నం కలుపుకుని మాట్లాడకుండా తింటోంది.

అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ముప్పయ్యేళ్ల కిందటి కంచం అదే. ఆ రోజు ప్రార్థన చేసింది తన నాన్న, ఆయనది ఇంకా పెద్ద ప్రార్థన. తిన్నవాళ్లు తొమ్మిదిమంది. కొత్త కోడలు పదో మనిషి. హోటల్లో వెయిటర్ రాందే ఆకు ముట్టని తాను, ఇంట్లో ఆ సంగతే ఆలోచించలేదు. రుచి తెలియనిది ఆమెకి కాదు. ఆమె దాకా ఆ రుచి ఎప్పుడూ చేరనేలేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చేసరికి సన్నగా వాన. క్యారల్ స్నేహితురాలింటికి వెళ్లింది. ప్రభుదాస్ కడిగిన తోటకూరని పాత దుప్పటి మీద పరిచి, ఫ్యాను కింద ఆరబెట్టాడు. తడి ఉంటే ఆకు వేగదు, ఉడుకుతుంది. గదంతా పచ్చి వాసన. ఆకులు గాలికి చిన్నగా కదులుతుంటే వాటి పక్కనే కూర్చుని, తాను మేలుకున్నాడో కల కంటున్నాడో తేల్చుకోలేక చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత లేచి బల్ల మీద ఒక్క కంచమే పెట్టాడు.

"ఎలీసా, జెర ఇటొచ్చి కూసో. ముందు ప్రార్థన చెయ్యి."

"వంట కాకుండా ప్రార్థనేంటండీ? లేని అన్నానికి స్తోత్రమా?"

"వచ్చే అన్నానికి చెయ్యి. ఎంత పెద్దగైనా చెయ్యి, నేనేం తొందర పెట్ట."

"మీకు పెట్టకుండా నేను కూర్చోవడమేంటి? ఎవరైనా చూస్తే నవ్విపోతారు."

"నవ్వనీ. ఆ రోజు సుత నవ్విన్రు కదా."

ఏ రోజని ఆమె అడగబోయి, అతని మొహం చూసి బల్ల దగ్గరికి వచ్చింది. కూర్చుని కళ్లు మూసుకుంది. జీవితంలో మొదటిసారి ఆమె ప్రార్థన రెండు నిమిషాల్లో ముగిసింది. ఆమెన్ అనగానే వంటింట్లో గ్యాసు భగ్గుమంది. ఇంటి పొయ్యికి హోటల్ మంటంత ఊపిరి లేదు, అందుకని కడాయిని పొగలొచ్చేదాకా కాల్చి, ఒక్క గుప్పెడే వేశాడు. చుయ్యిమన్న శబ్దం, వెల్లుల్లి ఘాటు, మణికట్టు నాలుగు విసుర్లు. కడాయితోనే పరుగున వచ్చి ఆమె కంచంలో ఒంపాడు.

ఆమె తింది. కాడ పటుక్కుమన్న చప్పుడు అతనికి వినిపించింది. రెండో ముద్ద తింది. మూడోదానికి ఆగి, తలెత్తకుండానే అంది:

"బాగుందండీ. చాలా బాగుంది. నిన్నటిది ఇలా లేదే?"

"నిన్న నువ్వు తిన్నది కూర కాదు ఎలీసా. మేమందరం తినంగ మిగిలింది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "మీరూ కూర్చోండి," అంది.

"నేను కూసుంటే నీకు చల్లారుతది," అంటూ అతను రెండో గుప్పెడు వెయ్యడానికి వెళ్లాడు. తర్వాత మూడోది. ఆమె చాలు చాలు అంటూనే అన్నీ తింది. బయట వాన పట్టాల మీద పడుతున్న చప్పుడు ఇంట్లోకి మెత్తగా వినిపిస్తోంది.

ఆ రోజు ప్రభుదాస్ ఆఖర్న తిన్నాడు. కడాయి అడుగున మిగిలిన కూర అప్పటికే నీళ్లొదిలేసింది. ముప్పయ్యేళ్లుగా అందరి తర్వాత కూర్చుని ఎలీసబెతు ఏం తిందో అతనికి అప్పుడు తెలిసింది.