వెండి సంచిలో బోర్డు: స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వరంగల్ పోయి వచ్చిన రోజు

మూడేళ్ల కింద హనుమకొండలో ఒక దుకాణాయన నా ముఖం మీదే నవ్వాడు. అది నాకు ఇప్పటికీ అరగలేదు. మా ఇంట్లో కోడిగుడ్లు పొదిగించే పెట్టె ఉంది. అందులో వేడి ఎక్కువ తక్కువ కాకుండా చూసే చిన్న బోర్డు అతని దగ్గరే కొన్నాను. పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేసి చేతిలో పెట్టాడు, ఒక్క మాట చెప్పలేదు. ఇంటికి తెచ్చి బిగిస్తే వెలగలేదు, గుడ్లన్నీ చచ్చాయి. తిరిగి పట్టుకుపోతే, దాని మీద మా ఇంటామె కొమురమ్మ పెట్టిన పసుపు బొట్టు చూసి, “పూజ చేసి చంపుకున్నరా ముసలాయనా? మీ మొరటు చేతులకు ఇయ్యెందుకు?” అన్నాడు. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు.

తర్వాత వేరేచోట తెచ్చి బిగించిన బోర్డు కూడా పోయి, మొన్న బుధవారం తెల్లవారుజామున ఆ పెట్టె మళ్లీ ఆగింది. లోపల వాడకట్టు ఆడవాళ్లు నమ్మి ఇచ్చిన గుడ్లు, ఇంకో రెండు రోజుల్లో పగలాల్సినవి. ఎక్కువ మా పక్కింటి యాకమ్మవి. ఆమెకు కోళ్లే ఆధారం. కొమురమ్మ గుడ్లను బొంతల్లో చుట్టి, పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టింది. “పొద్దుమీకేదాక ఎట్లనో కాపాడుత. అటెన్క నా చేతుల లేదు,” అంది.

స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎనిమిది గంటల బస్సెక్కాను. మీరు పోయేదుంటే అంతకు ముందుదే పట్టుకోండి, దీంట్లో నిలబడడానికి కూడా చోటుండదు. ఆడవాళ్లకు టికెట్ లేదు, నాకు ఉంది. మడికొండ దగ్గర కొత్త ఇళ్లకు ఇసుక తెచ్చే లారీ అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది. కిటికీలోంచి చలిగాలి తగిలినప్పుడల్లా బొంతలో గుడ్లు చల్లబడుతున్నట్టే అనిపించింది. హనుమకొండలో దిగలేదు. ఆ దుకాణం గడప తొక్కను. వరంగల్ దాకా పోయి, ఇదివరకు మా టీవీ బాగు చేసిన ఖదీర్ దుకాణం ముందు కూర్చున్నాను. పదిన్నరకు గానీ షట్టర్ లేవలేదు.

వచ్చీరాగానే ఖదీర్ మణికట్టుకు పట్టీ కట్టుకున్నాడు. దాని తీగ బల్ల కింద భూమిలోకి దిగిన ఇనుప కడ్డీకి ఉంది.

“ఏంది ఖదీరూ, నిన్ను గూడ బర్రెలెక్క కట్టేసిండ్రా?”

“కట్టుకోకుంటే నేనే ఈ బోర్డుల పాణం తీస్త కాకా.” నా స్వెట్టర్ వైపు చూశాడు. “అది ఇడుస్తుంటే చిటచిట అంటదా లేదా?”

“అంటది. వెంట్రుకలు గూడ లేస్తయ్.”

“గదే, ఒంటి మీది కరెంటు. నీకు చిటుక్కుమంటది, బోర్డుకు పాణం పోతది. చలికాలం గాలి ఎండిపోయి ఇంకా జోరుగుంటది.”

హనుమకొండ సంగతంతా చెప్పి, మూడేళ్లుగా మింగుతున్న మాట అప్పుడు అడిగాను. “బొట్టు పెడితే పోయిందా మరి?”

“పసుపేం చేస్తది కాకా? ముట్టుకున్నప్పుడు పోయిందో, ఆ ప్లాస్టిక్ కవర్ల ఉన్నప్పుడే పోయిందో ఎవడు చెప్తడు? ఇచ్చినోడు జర చెప్పాలె గదా.”

బోర్డును ఆ కరెంటు తగలనివ్వని వెండి రంగు సంచిలో పెట్టి మూతి అంటించి, ఎట్లా బిగించాలో చెప్పి ఇచ్చాడు. తొమ్మిది వందలు తీసుకున్నాడు. తిరుగు బస్సులో పక్కన కూర్చున్న నైలాన్ జాకెట్ పిల్లగాడు సంచి మీద చెయ్యేశాడు.

“ఏం తీస్కపోతున్నవ్ తాతా? వెండి పట్టీలా?”

“చెయ్యి తియ్! గుడ్లున్నయ్ దీంట్ల!”

బస్సంతా గొల్లుమంది. నవ్వుకోనీ. సంచి ఒడిలోంచి కదలనివ్వలేదు.

ఇల్లు చేరేసరికి రెండు దాటింది. కొమురమ్మ పసుపు కుంకుమ పళ్లెంతో ఎదురొచ్చింది. కొత్త వస్తువు ఏదైనా బొట్టు పెట్టనిదే మా ఇంట్లో వాడరు. సంచి చింపబోయింది.

“ముట్టకు!” అని అరిచాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. “అంటే పోయినసారి నా బొట్టుతోనే పోయిందని నువ్వు గూడ అంటున్నవా?”

ఆ మాట ఆమె ఇన్నేళ్లు లోపల పెట్టుకుందని నాకు తెలియదు. “బొట్టుతోని కాదు. సంచి మీదనే పెట్టు,” అన్నాను. పెట్టింది.

పెట్టె వైరు గోడ నుంచి పీకేశాను. స్వెట్టర్ విప్పి, ఒంటి మీది కరెంటు భూమిలోకి దిగేలా బోరు ఇనుప పైపును కాసేపు పట్టుకున్నాను. ఖదీర్ చెప్పినట్టే అప్పుడు సంచి తెరిచి, బోర్డును అంచులు మాత్రమే పట్టి బిగించాను. వైరు మళ్లీ గుచ్చి స్విచ్ వేస్తే ఏమీ కాలేదు. అప్పటికే వచ్చి నిలబడ్డ యాకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత ఎర్ర అంకెలు వెలిగాయి. ఆమె బొంతలోంచి ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకుంది.

“మామా, లోపల కుయ్యి కుయ్యి అంటాంది!”

ఇన్నాళ్లు నన్ను మొరటోడన్నందుకే మండిపడ్డాను. నా పక్కనే ఒక మనిషి తన చేత్తో గుడ్లు చంపానన్న బరువు మోసిందని చూడలేదు. ఇలాంటి బోర్డు కొనడానికి పోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: వెండి రంగు సంచిలో ఇస్తేనే తీసుకోండి, బిగించే దాకా తెరవకండి.

ఇక హనుమకొండ దుకాణాయనా, ఇది నీకే. ఆ రోజు ఉత్త ప్లాస్టిక్ కవర్లో ఇచ్చావా లేదా? ఎట్లా పట్టుకోవాలో చెప్పావా లేదా? జవాబు నాకొద్దు. మా ఇంటికొచ్చి, తప్పు ఆమె బొట్టుది కాదని కొమురమ్మకు చెప్పు. వచ్చే ఆదివారం పొద్దుగూకే దాకా చూస్తాను.