పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ చీరమేను ముందు కూర్చున్నాను

నాగాలాండ్‌లో ముక్కు మూసుకోవాల్సిన పులిసిన వెదురు కొమ్ముల కూర తిన్నాను. బస్తర్ సంతలో ఎర్రచీమల పచ్చడి వేలితో నాకి మరీ తిన్నాను. వింత వంటకాల గురించి రాసే నేను, మన గోదారి ఒడ్డునే ఒక విస్తరి ముందు నుంచి లేచిపోయిన సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. అప్పుడు అక్కకి పెళ్ళయిన కొత్త. యానాంలో వాళ్ళత్తగారు సత్యవతిగారు నా కోసం చీరమేను అనే చిట్టి చేపపిల్లల ఇగురు వండారు. మాది తణుకు, ఆ పేరు కూడా వినలేదు. విస్తట్లో వేలకొద్దీ నల్లటి కళ్ళు నన్నే చూస్తున్నట్టు అనిపించి, చేత్తో నోరు మూసుకుని పెరట్లోకి పరుగెత్తాను. ఆ సిగ్గు పన్నెండేళ్ళయినా పోలేదు. మొన్న దసరా వెళ్ళాక, “తూర్పుగాలి తిరిగిందిరా, చీరమేను పడుతోంది” అని అక్క ఫోన్ చేయగానే బయల్దేరాను.

రాజమండ్రిలో ఐదింటికి బస్సెక్కితే ద్రాక్షారామం మీదుగా ఏడున్నరకి యానాంలో దించాడు. టికెట్టు వంద లోపే. నా చేతిలో స్టీలు క్యారేజీ చూసి ఆటో డ్రైవరు నవ్వాడు.

“చీరమేనుకేనాండి?”

“ఎలా తెలిసింది?”

“ఈ నాలుగు వారాలూ పొద్దున్నే గిన్నెతో దిగినోళ్ళందరూ దానికేనండి. రేవుకి నలభై ఇవ్వండి చాలు.”

రేవు దగ్గర ఇద్దరు మనుషులు మొలలోతు నీళ్ళలో పాత చీర కొసలు పట్టుకుని నిలబడ్డారు. ఏ వలకీ చిక్కనంత చిన్న చేపలకి చీరే వల. పైకెత్తితే అందులో గంజిలాంటిది కదిలింది. దోసిట్లోకి తీసుకుని చూశాను. ఒళ్ళంతా అద్దం, రెండు ఆవగింజలంత కళ్ళు. నా ఒక్క దోసిట్లో ఎన్ని వేల ప్రాణాలో! ఏటా ఈ గాలికే సముద్రం నుంచి ఇవన్నీ గోదారిలోకి ఎదురెక్కుతాయట. ఒళ్ళు జలదరించింది, ఈసారి అసహ్యంతో కాదు. గ్లాసు రెండొందలు చొప్పున రెండు గ్లాసులు కొన్నాను.

“ఎండెక్కకుండా పొయ్యెక్కించండి బాబూ, లేకపోతే నీరైపోద్ది” అంది అమ్మినావిడ.

అక్కావాళ్ళింటికి చేర్చగానే సత్యవతిగారు వాటిని పల్చటి గుడ్డలో వేసి, ఇసుక పోయేదాకా జాడించి పిండారు. చింతకాయ తొక్కు, పచ్చిమిర్చి, అల్లం. గరిటె ముట్టుకోలేదు, మూకుణ్ణే పట్టుకుని తిప్పారు. “గరిటె పెడితే చితికిపోతాయి బాబూ” అన్నారు.

వంటింటి గుమ్మంలో అక్క నా చెవి దగ్గరికి వచ్చింది. “నువ్వు లేచిపోయిన రోజు తర్వాత ఈ ఇంట్లో ఇది వండలేదురా. ఆవిడకి ప్రాణం ఇదంటే. పిలిచి పెట్టిన పిల్లాణ్ణి ఆకలితో లేపిన కూర నాకెందుకు అని మానేశారు.”

పీట మీద కూర్చున్నానే గానీ తలెత్తలేకపోయాను.

“బలవంతం లేదు బాబూ. పప్పు కూడా వండాను” అన్నారావిడ.

కళ్ళు అలాగే ఉన్నాయి. చూస్తూనే ముద్ద పెట్టుకున్నాను. వెన్నలా కరిగింది, చివర్లో సముద్రపు ఉప్పు తగిలింది. “అత్తయ్యగారూ, ఇంకొంచెం వెయ్యండి” అన్నాను. ఆవిడ నాకు మారు వడ్డించి, వంటింట్లోకి వెళ్ళి తన కంచం తెచ్చుకుని నా ఎదురుగా కూర్చున్నారు. ఇద్దరం కలిసి తిన్నాం. మూకుడు అడుగు దాకా ఆవిడే ఊడ్చుకున్నారు.

ఎన్ని చోట్ల వింత తిండి తిన్నా, ఒక వంట వెనక ఒక మనిషి ఉంటారని నాకు ఇంత ఆలస్యంగా తెలిసింది. వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: ఎనిమిదిలోపు రేవు చేరండి, గిన్నె మీరే తీసుకెళ్ళండి. ఎవరైనా ప్రేమగా వండిపెడితే, మింగుడు పడకపోయినా పక్కకి జరిపి పెరుగన్నం అడగండి. విస్తరి ముందు నుంచి మాత్రం లేవకండి.