పదకొండు రోజుల మర్యాద

ఇటలీలో సముద్రపుటొడ్డున ఒక ఊరు చూసి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా కొత్తపేటలో ఆడవాళ్ళు నన్ను వదిలిపెట్టడం లేదు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడ కూడా స్టూలు లాక్కుని కూర్చుంటుంది. అక్కడికెళ్తే ఏం చూడాలండీ, ఏం తినాలండీ అని అడుగుతుంది. నేను చక్కగా ఏకరువు పెడతాను. కొండమీది చర్చికి మెట్లెక్కి వెళ్ళాలి, పడవలో గుహ దాకా వెళ్ళాలి, నిమ్మకాయ ఐసు తినాలి, సాయంత్రం ఊరంతా మంచి బట్టలు వేసుకుని సముద్రం పక్క రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తుంటే వాళ్ళతో కలిసి నడవాలి. ఇవన్నీ నేను చేశాను. ఎందుకు వెళ్ళానో, ఏం అడుగుదామని వెళ్ళానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఊళ్ళో మా ఆయన ఉంటారు. ఆయనది వంటపని. ఒకప్పుడు మా చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ ఆయనే వండేవారు. మా అమ్మాయి రెండో క్లాసులో ఉండగా కువైట్‌లో ఒక పెద్దింట్లో వంటకి కుదిరి వెళ్ళారు. ఆ ఇంటివాళ్ళు ఎండాకాలం గడపడానికి ఇటలీలో ఆ ఊరికి వెళ్ళేవాళ్ళు, ఈయన్నీ వెంట తీసుకెళ్ళేవాళ్ళు. అలా నాలుగైదు వేసవులు గడిచాక అక్కడే ఒక హోటల్ వంటగదిలో పని దొరికింది, కాగితాలు కుదిరాయి, ఉండిపోయారు. మొదట్లో రెండేళ్ళకోసారి వచ్చేవారు. ఈ నాలుగేళ్ళూ అసలు రాలేదు. సీజనవ్వగానే వస్తాననేవారు, సీజనయ్యాక ఇంకేదో చెప్పేవారు.

పోయిన ఏడు మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడు ఫోన్లో తెగించి అడిగేశాను. "ఇంకా ఎన్నాళ్ళండీ ఇలాగ? నన్నైనా అక్కడికి తీసుకెళ్ళండి, లేకపోతే మీరైనా వచ్చెయ్యండి."

"ముందోసారి వచ్చి చూసెళ్ళు. తర్వాత సంగతి ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు.

నా మొహం, నేను దాన్ని రమ్మనడం అనుకున్నాను. కాపురానికి పిలుపనుకున్నాను. పదకొండు రోజులకి తిరుగు టికెట్టు కూడా తీసి పంపితే, వీసా కోసమేలే అనుకున్నాను. నా టైలరింగ్ కొట్టు తాళాలు నా దగ్గర కుట్టే ఆవిడకి ఇచ్చి, వస్తే వస్తాను, లేకపోతే మిషన్లు నువ్వే ఉంచుకో అని చెప్పాను. సూట్‌కేసులో ఆవకాయ, కందిపొడి, వడియాలతో పాటు నా కత్తెర, టేపు, కొలతల పుస్తకం పెట్టుకున్నాను. అక్కడి ఆడవాళ్ళకీ బట్టలు కుట్టేవాళ్ళు కావాలి కదా అని నా లెక్క. నలభై ఆరేళ్ళ వయసులో కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ విమానమెక్కాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆ ఊరి రైలు స్టేషన్‌కి ఆయనే వచ్చారు. జుట్టు బాగా నెరిసింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నా చేతిలో సూట్‌కేసు అందుకుని "బాగా అలిసిపోయేవా?" అన్నారు. ఆ ఒక్క మాటకే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నేరుగా తను పనిచేసే హోటల్‌కి తీసుకెళ్ళి, సముద్రం కనిపించే గది తాళం తీసి ఇచ్చారు. తన గదిలో ఇంకో ఇద్దరుంటారట, నాకు ఇబ్బందిట. పోనీ మీరూ ఇక్కడే పడుకోండి అంటే, తెల్లారకుండా పనిలోకి వెళ్ళాలి, నీ నిద్ర పాడవుతుంది అన్నారు. నేను నమ్మాను. నమ్మడం నాకలవాటు.

మర్నాడు ఒక కాగితం తెచ్చారు. హోటల్లో దిగినవాళ్ళకి ఇస్తారట, ఈ ఊళ్ళో ఏమేం చెయ్యొచ్చో రాసి ఉంటుంది. ప్రతి దాని కిందా ఆయన పెన్నుతో తెలుగులో రాసి, పక్కన ఏ రోజు చెయ్యాలో వేశారు. "పదకొండు రోజులకీ సరిపడా ప్లానేసేను. నీకు ఒక్క పూట కూడా తోచకుండా ఉండదు" అన్నారు. మధ్యాహ్నాలన్నీ సెలవు పెట్టుకున్నారట. నా కోసం ఇంత చేశారా అని మురిసిపోయాను.

మొదట చర్చి. మూడొందల మెట్లకి పైనే ఉంటాయి. పాతిక మెట్లకోసారి ఆగి నాకు మంచినీళ్ళిచ్చారు. పైకెళ్ళాక ఊరంతా కింద కనిపించింది. పసుపు గోడలు, ఎర్ర పెంకులు, మేడల మీద ఆరేసిన దుప్పట్లు. ఆ చర్చి ఎవరు కట్టారో, గంట ఎప్పుడు పగిలిందో ఆయన వివరంగా చెప్పారు. నాకు అవేవీ తలకెక్కలేదు. "మీ గది ఎటేపండీ?" అని అడిగాను. "అటేపు" అని చెయ్యి ఊపారు. అటువైపు సగం ఊరుంది.

రెండో రోజు సముద్రం ఒడ్డున గొడుగు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ ఇసక లేదు, గులకరాళ్ళు. అంతర్వేదిలో కెరటాల మోత విన్న చెవులకి ఆ సముద్రం తొట్టెలో నీళ్ళలాగే ఉంది. చుట్టూ అందరూ బట్టలు విప్పుకుని ఎండకి పడుకుంటే, నేను నేత చీరలో కొంగు కప్పుకుని కూర్చున్నాను. రాళ్ళు గుచ్చుకుంటాయని ఆయన నా కాళ్ళ కింద తువ్వాలు పరిచారు. ఎవరైనా చూస్తారేమోనని నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

భోజనం తనే పళ్ళెంలో సర్ది తెచ్చేవారు. చేప ముక్క మీద నిమ్మకాయ పిండి, నూనె పోసి ఇస్తారు అక్కడ. ఉప్పూ కారం తగలవు. మూడో రోజుకి నా నోరు చచ్చిపోయింది. "ఎక్కడైనా ఒక పొయ్యి చూపించండి, గుప్పెడన్నం పడేస్తాను. ఆవకాయ తెచ్చేను" అన్నాను. "నువ్వేదీ ముట్టుకోకు. హాయిగా కూర్చుని తిను" అన్నారు. చేపల బజారుకి తీసుకెళ్ళినప్పుడు మన మెత్తళ్ళలాంటి చిన్న చేపలు చూసి ప్రాణం లేచి వచ్చింది. ఓ అరకిలో తీసుకోండి, చిటికెలో బాగుచేస్తాను అన్నాను. "నువ్వు చేపలు తోముకోడానికొచ్చేవా ఏంటి?" అని నవ్వి నన్ను ముందుకి నడిపించేశారు.

ఆ రాత్రి ఆయన చేసిన మర్యాదలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను.

మా గోదావరి వాళ్ళకి చుట్టం వస్తే చేసే మర్యాద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మంచం దిగనివ్వం. కంచం తియ్యనివ్వం. ఊరు చూపిస్తాం, వద్దన్న కొద్దీ వడ్డిస్తాం, చుట్టం పొరపాటున చెంబెడు నీళ్ళు తోడుకుంటే మా పరువు పోయినంత గోల చేస్తాం. ఇంటి మనిషికి అదేం ఉండదు. ఇంటి మనిషి గుమ్మంలోకి రాగానే కొబ్బరికాయ, తురిమే కోరాము చేతికిస్తాం. ఈ మనిషి కువైట్ వెళ్ళకముందు పెళ్ళి వంటలకి నాచేత బస్తాడు ఉల్లిపాయలు తరిగించిన మనిషి. ముక్క లావైందని పదిమందిలో కేకలేసిన మనిషి. స్నానాల గదిలోంచి తువ్వాలు కోసం వీధి చివరిదాకా వినబడేలా పిలిచిన మనిషి. ఇక్కడికొచ్చి అయిదు రోజులైనా నన్ను గ్లాసుడు మంచినీళ్ళు ఇవ్వమని అడగలేదు. ఒక్కసారి విసుక్కోలేదు. ఇంత మంచితనం ఆయనకెక్కడిదని నాకు భయమేసింది.

ఆరో రోజు నిమ్మకాయ ఐసు. సందులో ఒక చిన్న కొట్టు, బయట రెండు బల్లలు. ఎదురుగా కూర్చున్నారు. నేను కుట్టి, అటు వెళ్తున్న రాజోలు మనిషి ఒకతనితో పంపిన నీలం గళ్ళ చొక్కా తొడుక్కున్నారు. నా కన్ను చొక్కా చేతుల మీద పడింది. చేతులు పొట్టి చేసి మళ్ళీ మడిచి కుట్టారు. బొత్తాలు ఊడదీసి వేరేవి కుట్టారు, ఒక్కో బొత్తాం గుడ్డకి అంటకుండా లేచి నిలబడేలా కింద దారం చుట్టి మరీ. దుకాణంలో కూలికి కుట్టినవాళ్ళు అంత ఓపిగ్గా కుట్టరు. అలా నేను ఎవరికి కుడతానో నాకు తెలుసు.

"చేతులెవరు మడిచేరండీ?" అన్నాను.

ఆయన ఐసు గిన్నె పక్కకి జరిపి చెప్పేశారు. ఆయనకి అబద్ధం ఎదురుగా చెప్పడం రాదు. ఫోన్లోనే వచ్చు.

హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడట. భర్త పోయాడట. ఆరేళ్ళుగా ఆవిడ ఇంట్లోనే ఉంటున్నారు. గదీ లేదు, గదిలో ఇద్దరూ లేరు. "నీకు ఎదురుగా చెప్పాలనే రమ్మన్నాను. వచ్చిన్రోజు నుంచీ చూస్తున్నాను, నోరు రావట్లేదు" అన్నారు.

ప్రాణం పోతుందేమో అనుకున్నాను. పోలేదు. చెంచా నా చేతిలోనే ఉంది. అరవాలనుకున్నాను, పరాయి దేశంలో ఏమని అరుస్తాం? అడగవలసినవి వంద ఉండగా నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఆవిడకి అన్నం వార్చడం వచ్చా?"

"రాదు. నేనే వండుతాను."

"మరి ఆవిడేం చేస్తుంది?"

"అంట్లు తోముతుంది. సరిగ్గా తోమి చావదు, జిడ్డు అలాగే వదిలేస్తుంది. రోజూ గొడవే మా ఇద్దరికీ."

ఆవిడ ఉందని విన్నప్పుడు కన్నా ఈ మాట విన్నప్పుడే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది. రోజూ గొడవపడతారట. నాతో గొడవపడి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టుకుంటూ ఆ బల్ల దగ్గరే ఏడ్చాను. కొట్టువాడు కాగితపు రుమాళ్ళు తెచ్చి పెట్టి, ఏమీ అడక్కుండా లోపలికెళ్ళాడు.

ఇంకా అయిదు రోజులున్నాయి. టికెట్టు ముందుకి మార్చుకోవడం నాకు రాదు, మార్చమని ఆయన్ని అడగడం ఇష్టం లేదు. అందుకని కాగితంలో మిగిలినవన్నీ చేశాం. నిజంగానే చేశాం. పడవెక్కి గుహ చూశాం, లోపల నీళ్ళు నీలంగా మెరుస్తుంటే పడవలో అందరూ ఆహా అన్నారు, నేనూ చూశాను. సాయంత్రం నడకకి ఉన్నవాటిలో మంచి పట్టుచీర కట్టుకున్నాను. ఆవిడ ఎక్కడి నుంచైనా చూస్తే చూడనీ అని. ఎదురొచ్చిన ప్రతి ఆడదాని చేతుల వంక చూస్తూ నడిచాను. ఒకసారి గదిలో ఆయన కుర్చీలో కూర్చుని ఉంటే, ఆ చొక్కా ఇలా ఇవ్వండి, భుజం దగ్గర లాగేస్తోంది, సరిచేసిస్తాను అన్నాను. "నీకెందుకు శ్రమ" అన్నారు.

ఆఖరి రోజు స్టేషన్‌కి పెద్ద సంచీతో వచ్చారు. ఆలివ్ నూనె సీసా, అమ్మాయికి బిస్కెట్లు, పచ్చటి నిమ్మకాయలు అరడజను, రెండు జాకెట్లకి సరిపడా మంచి గుడ్డ. మా వైపు వచ్చిన ఆడచుట్టం తిరిగి వెళ్ళేటప్పుడు ఉత్తి చేతులతో పంపకూడదు, జాకెట్టు గుడ్డా పళ్ళూ పెట్టి పంపుతారు. నేను నా ఇంటి గుమ్మంలో ఎందరికో పెట్టాను. ఆయన మర్చిపోలేదు. రైలు అవతలి మలుపులో కనిపిస్తుండగా ఆ సంచీ నా చేతికిచ్చారు.

నా కోపం అప్పుడు ఆగలేదు. ఆయన్ని పొడవాలనే అన్నాను, మంచిగా, నవ్వు మొహంతో, మర్యాదగా. "మా వైపు ఎప్పుడైనా వస్తే ఇంటికి రండి. మొహమాటపడకుండా రెండ్రోజులుండి వెళ్దురుగాని."

ఆ ఇంటికి పునాది తవ్విన రోజు నుంచి ఇటుకలకి నీళ్ళు కొట్టింది ఆయనే. సింహద్వారం చెక్క రామచంద్రపురం వెళ్ళి బేరమాడి, లారీలో దాని మీదే కూర్చుని తెచ్చింది ఆయనే. నా ఇంటికి నన్ను పిలవడానికి నువ్వెవత్తివే అని ఒక్క కేక వేస్తారని చూశాను. ఆ కేక వేసి ఉంటే, ఆవిడ ఉన్నా సరే, ఆరేళ్ళు పోయినా సరే, ఆ రైలు ఎక్కకుండా సూట్‌కేసు దింపేసేదాన్ని. ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాను.

ఆయన తలూపారు.

"ఆయ్, తప్పకుండా వస్తాను. వచ్చేముందు ఫోన్ చేస్తాను" అన్నారు.